నిషాను నిరాకరించే గోడపత్రిక : ఒక పరిశీలన

యాదగిరిగుట్టకు వచ్చే యాత్రికులలో చదువు వచ్చినవారూ ఉంటారు, రానివారూ ఉంటారు. 2022 మార్చి 28న పునఃప్రారంభమైన ఆలయంలో ఆ నల్లరాతి స్తంభాల ఎదుట ఇరువురూ సమానమే. రాతిలో మలచిన కథను గ్రహించటానికి అక్షరాల అవసరం లేదు. గుట్ట దిగి బజారులోనికి వస్తే అక్కడా బొమ్మలే మనలను పలకరిస్తాయి. గోడలమీద చలనచిత్రాల బొమ్మలు, దుకాణాల ముందు దండలవలె వేలాడే రంగురంగుల పొట్లాలు. ఒకే ఊరిలో ఒక బొమ్మ మనస్సును పైకి తీసుకొనిపోతుంది. మరియొకటి జేబులోని రూపాయిని బయటికి తీయిస్తుంది. బొమ్మకు ఇంతటి శక్తి ఉన్నప్పుడు దానిని మన పిల్లల రక్షణకు ఎట్లా వినియోగించుకోవాలి అన్నదే ఈ వ్యాసంలో మేము పరిశీలించదలచిన విషయం.

పదం - వయస్సు

ఆంగ్లంలో పోస్టరు అనే దానిని తెలుగున గోడపత్రిక అంటున్నాము. ఉర్దూలో ఇష్తిహార్ అంటారు. ఇక తెలుగువారు నిత్యం వాడే ‘నిషా’ అన్న మాట ఉర్దూలోని ‘నషా’ నుండి మనకు వచ్చినదే. రెండు భాషల విద్యార్థులు ఒకే వరండాలో తిరిగే మన కళాశాలలో ఈ మాటకు అనువాదం అవసరం లేదు. అవసరమైనది దానికి ఎదురు నిలిచే మాట.

ఆ మాటను ఏ వయస్సులో చెప్పాలి? 2019లో జరిగిన ప్రపంచ యువజన పొగాకు సర్వే నాలుగవ విడత ప్రకారం మన దేశంలో 13-15 ఏండ్ల విద్యార్థులలో 8.5 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. సిగరెట్టు త్రాగినవారిలో 38 శాతం, బీడీ త్రాగినవారిలో 47 శాతం, పొగలేని పొగాకు వాడినవారిలో 52 శాతం మంది తమ పదవ పుట్టినరోజుకు ముందే మొదలుపెట్టినారు. అదే 2019లో కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వశాఖ వెలువరించిన జాతీయ సర్వే మరొక సంగతి తెలిపినది. పీల్చి మత్తు పొందే రసాయనాల విషయంలో మాత్రం పెద్దలకంటె పిల్లలలోనే వాడకం శాతం ఎక్కువగా ఉన్నది. మొక్కై వంగనిది మానై వంగునా అన్న సామెత అందరికీ తెలిసినదే. కాని మొక్కను వంచటానికి మనకంటె ముందుగా వేరొకరు చేయి వేస్తున్నారన్న సంగతిని ఈ అంకెలు తెలుపుతున్నాయి.

బొమ్మతో బోధించిన పూర్వులు

చిత్రంతో బోధించటం మనకు కొత్త కాదు. నేటి సిద్దిపేట జిల్లాలోని చేర్యాల నకాషీ చిత్రకారులు గుడ్డకు సుద్దమట్టి, చింతగింజల జిగురు పూసి, ఎర్రని నేలపై కథలను వరుసగా చిత్రిస్తారు. ఆ పటాన్ని చుట్టవిప్పి, ఒక్కొక్క గడిని చూపుతూ కథ చెప్పే కళాకారులు ఊరూరా తిరిగేవారు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారు వారిలో ఒకరు. ఆ కథలో యముడున్నాడు, పాశమున్నది, మృత్యువున్నది. అయినా విన్నవారి మనస్సులో నిలిచేది యముడు కాదు, పదహారేండ్ల బాలుడు. ప్రమాదం కథలో ఒక భాగం, బాలుడు కథకు నాయకుడు. ఈ సంగతిని మనం జ్ఞాపకం ఉంచుకోవాలి. దీని అవసరం ముందు ఉన్నది.

పాశ్చాత్య దేశాలలో ఇందుకు రెండు ప్రసిద్ధమైన ఉదాహరణలు కలవు. 1751లో విలియం హోగార్త్ అనే ఆంగ్ల చిత్రకారుడు ‘జిన్ లేన్’ అనే ముద్రణ చిత్రాన్ని వెలువరించినాడు. అప్పటి లండను నగరంలో చౌకగా దొరికే జిన్ అనే సారాయి పేదలను నాశనం చేస్తున్నది. చిత్రం నడుమ మెట్లమీద మత్తులో మునిగిన ఒక తల్లి. ఆమె ఒడినుండి బిడ్డ జారిపోతున్నాడు, ఆమెకు తెలియదు. అదే సంవత్సరం జిన్ అమ్మకాలను అదుపు చేసే చట్టం వచ్చినది. ఆ చిత్రం ఉద్దేశించినది పెద్దలను, పాలకులను. వారిని కదిలించటానికి అంతటి ఘోరం చూపటం అవసరమై ఉండవచ్చును.

రెండవది 1954లో సోవియట్ చిత్రకారుడు విక్టర్ గోవర్కోవ్ వేసిన గోడపత్రిక. భోజనపు బల్లవద్ద ఒక వ్యక్తి కూర్చుండి ఉన్నాడు. ప్రక్కనుండి ఒక చేయి చిన్న మద్యపు గ్లాసును అందిస్తున్నది. అతడు తన అరచేతిని అడ్డుపెట్టి నిరాకరిస్తున్నాడు. క్రింద ఉన్నది ఒకే ఒక్క మాట: ‘వద్దు’. పుర్రె లేదు, శవం లేదు, కన్నీరు లేదు. ఆరోగ్యంగా, శుభ్రమైన దుస్తులలో ఉన్న మనిషి, అతని దృఢమైన ముఖం, ఆ అరచేయి. అంతే.

ఈ రెండింటి భేదాన్ని విద్యార్థులు గ్రహించాలి. మొదటి చిత్రం పతనాన్ని చూపినది. రెండవది పతనానికి ముందు క్షణాన్ని చూపినది. మన పిల్లలు నిలబడి ఉన్నది ఆ రెండవ క్షణంలోనే.

మన తెలుగునాటి ఉదాహరణ కూడా ఇట్టిదే. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా ఉద్యమంలో చదువుకొన్న స్త్రీలు తమ వాచకంలోని ‘సీతమ్మ కథ’ అనే పాఠంలో తమ జీవితాన్నే చూచుకొన్నారు. తమవంటి ఒక స్త్రీని, ఆమె చేయగలిగిన పనిని ఆ పాఠం చూపినది. 1992లో వారు తమ ఊరికి సారాను రానీయలేదు. వర్ధినేని రోశమ్మ వంటి సామాన్య స్త్రీల పట్టుదల రాష్ట్రమంతటా ప్రాకి, 1993 అక్టోబరులో సారా నిషేధానికి, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధానికి దారితీసినది. ఆ మద్యనిషేధం 1997లో సడలినప్పటికీ, తన ముఖాన్ని తాను చూచుకోగలిగిన పాఠమే మనిషిని కదిలిస్తుందన్న సత్యం నిలిచినది.

మేము చేసిన పొరపాటు

ఇంత తెలిసికూడ మేము ఒకసారి పొరపడినాము. ఆ సంగతి ఇక్కడ చెప్పటం ఉచితమని భావిస్తున్నాము.

జూన్ 26ను మాదకద్రవ్యాల దుర్వినియోగానికి వ్యతిరేక దినంగా పాటించవలెనని ఐక్యరాజ్యసమితి 1987 డిసెంబరులో తీర్మానించినది. ఒక సంవత్సరం ఆ సందర్భంలో మా విద్యార్థులు కొందరితో కలిసి గుట్టకు సమీపంలోని ఒక ఉన్నత పాఠశాలకు వెళ్ళి, ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలచేత గోడపత్రికలు వేయించినాము. గంట తరువాత చూస్తే నలభైకి పైగా వచ్చిన కాగితాలలో ఎక్కువభాగం పుర్రెలు, ఎముకలు, ఉరితాళ్ళు. మేము సంతోషించినాము. కాని ఒక పుర్రె బొమ్మ ముందు నిలబడిన ఇద్దరు బాలురు “జోర్దార్ ఉంది, సినిమా బొమ్మ లెక్క” అని మెచ్చుకొనటం మా చెవిని పడినది. వారికి భయం కలుగలేదు, ఉత్సాహం కలిగినది!

దానికంటె పెద్ద పొరపాటు వేరొకటి. ఒక బాలిక కోరలు, కొమ్ములు ఉన్న రాక్షసుని గీసి, అతని నడుముకు మోకు కట్టి, చేతికి కల్లు లొట్టి ఇచ్చినది. గీత చక్కగా ఉన్నది. అందరికంటె ముందుగా మెచ్చుకొన్నది మేమే. ఆ చిత్రాన్ని పైకెత్తి తరగతికి చూపినాము. వెనుక బల్లమీద ఒక బాలుడు తెల్లకాగితాన్ని ముందు పెట్టుకొని ఊరక కూర్చున్నాడు. ఏమి నాయనా, ఎందుకు గీయలేదని అడిగితే చాలాసేపు పలుకలేదు. చివరకు తల ఎత్తకుండా అన్నాడు: “మా నాయిన తాళ్లెక్కుతడు సార్. ఆయన మందు కలుపడు.”

ఆ మాటకు మావద్ద సమాధానం లేకపోయినది. తాటిచెట్లు ఉన్న ఈ ప్రాంతంలో గీత కార్మికుల బిడ్డలు లేని తరగతి ఉంటుందా? ప్రతిదినం ప్రాణాలకు తెగించి చెట్టెక్కి ఆ బాలుని బడికి పంపుతున్న తండ్రిని మేము తరగతి ఎదుట రాక్షసుని చేసినాము. మత్తుకు వ్యతిరేకంగా పిల్లలందరినీ కూడగట్టటానికి వెళ్ళి, అందులో ఒకనిని ఒంటరిని చేసినాము.

ఆ బాలుని మాటలో ఒక వాస్తవం కూడా ఉన్నది. మన తెలంగాణాలో కల్లు పేరున జరిగిన ఘోరాలలో చెట్టుకంటె రసాయనాల పాత్ర హెచ్చు. డైజిపామ్, అల్ప్రాజోలమ్, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులను కలిపి కల్తీకల్లు తయారు చేసినారు. 2015 సెప్టెంబరులో అధికారులు దానిపై దాడులు జరిపినప్పుడు, మహబూబ్‌నగర్, నిజామాబాద్ మొదలైన జిల్లాలలో దానికి అలవాటు పడినవారు ఒక్కసారిగా అది దొరకక, మూర్ఛలతో, మతిభ్రమతో ఆసుపత్రుల పాలైనారు. కల్లు త్రాగుతున్నామనుకొన్నవారు తమకు తెలియకుండానే మత్తుమందులకు బానిసలైనారన్న మాట. అయితే కల్తీలేని కల్లు పిల్లలకు మంచిదని దీని అర్థం కాదు. పెరిగే వయస్సులో, మెదడు ఇంకా రూపుదిద్దుకొంటున్న కాలంలో, ఏ మత్తు అయినా హానికరమే. పిల్లలకు చెప్పవలసినది ఇదే. దానికోసం ఒకరి తండ్రిని అవమానించనక్కరలేదు.

భయం చాలదు

మా అనుభవాన్ని నిపుణుల అభిప్రాయం కూడా బలపరచినది. ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల, నేరాల విభాగం 2013లో వెలువరించి, 2018లో సవరించిన నివారణ ప్రమాణాలలో, కేవలం సమాచారం ఇవ్వటం, మరీ ముఖ్యంగా భయపెట్టటం, పిల్లలను మత్తునుండి మరల్చజాలవని స్పష్టం చేసినారు. నిరాకరించే నేర్పును, తోటివారి ఒత్తిడిని తట్టుకొనే విధానాన్ని పిల్లలచేత అభ్యాసం చేయించటం ఫలితాన్ని ఇస్తుందని అందులో ఉన్నది.

ఇక్కడ ఒక సందేహం రావచ్చును. 2009 మే 31 నుండి మన దేశంలో పొగాకు పొట్లాలమీద భయంకరమైన హెచ్చరిక చిత్రాలు ముద్రిస్తున్నారు కదా. 2016 ఏప్రిల్ నుండి అవి పొట్లంలో 85 శాతం భాగాన్ని ఆక్రమించాయి కదా? నిజమే. కాని ఆ చిత్రం పొట్లాన్ని చేతబట్టినవానికి చేసే హెచ్చరిక. మన గోడపత్రిక పొట్లాన్ని ఇంకా ముట్టనివానికోసం. మొదటివానికి రోగాన్ని చూపాలి. రెండవవానికి దారిని చూపాలి.

ఇక మరొక ముఖ్య విషయం. గోడమీది బొమ్మను చూచేవాడు ఒక నిమిషం చూస్తాడు. గీసేవాడు రెండు గంటలు దానితో గడుపుతాడు. ఎవరు అందిస్తారు, ఏమని పిలుస్తారు, నేను ఏమని జవాబు చెప్పాలి అని ఆలోచిస్తాడు. ఆ రెండు గంటలలో అతడు ‘వద్దు’ అన్న మాటను మనస్సులో ఎన్నిసార్లు పలుకుతాడో లెక్కలేదు. కనుక గోడపత్రిక మొదటి ప్రయోజనం గీసినవానికే కలుగుతుందని మా విశ్వాసం.

గోడపత్రిక రచనకు కొన్ని సూత్రాలు

మరుసటి వారం మేము అదే పాఠశాలకు తిరిగి వెళ్ళి, ముందుగా ఆ బాలునితోనూ, ఆ బాలికతోనూ మాట్లాడి, మా పొరపాటును తరగతి ఎదుట ఒప్పుకొన్నాము. తరువాత పిల్లలతో కలిసి కొన్ని సూత్రాలను ఏర్పరచుకొన్నాము. మన విద్యార్థులకు ఉపయోగపడగలవని వాటిని ఇక్కడ పొందుపరుస్తున్నాము.

మొదటిది: మనిషిని కాదు, సందర్భాన్ని గీయాలి. త్రాగేవానిని, అమ్మేవానిని, గీసేవానిని వికృతంగా చూపరాదు. ఆ ముఖం ఎవరి ఇంటిలోనో ఉంటుంది.

రెండవది: చిత్రం నడుమ పిల్లవాడు ఉండాలి, ప్రమాదం అంచున ఉండాలి. మార్కండేయుని కథ నేర్పినది ఇదే.

మూడవది: మత్తు పదార్థాన్ని అందంగా గాని, వాడే విధానం తెలిసేటట్లు గాని చిత్రించరాదు. ప్రక్కనుండి వచ్చే ఒక చేయి చాలును.

నాల్గవది: చోటు మనదిగా ఉండాలి. బస్టాండు, చెరువుకట్ట, బడి వెనుక గోడ, పెండ్లి ఊరేగింపు - మన పిల్లలకు మొదటి పిలుపు వచ్చేది ఇటువంటి చోట్లనే.

ఐదవది: మాటలు ఆరుకు మించరాదు. చిత్రాన్ని గోడకు ఆనించి పది అడుగులు వెనుకకు నడచి, మూడు లెక్కపెట్టేలోగా చదువగలిగితే సరి. లేకుంటే అక్షరాలు పెంచాలి, మాటలు తగ్గించాలి.

ఆరవది: నిరాకరణతో ఆగక, సహాయానికి దారి చూపాలి. మత్తు విముక్తికై దేశమంతటా పనిచేసే 14446, ఆపదలో ఉన్న బాలలకోసం ఉన్న 1098 అనే సంఖ్యలను క్రింద వ్రాయాలి. ఇప్పటికే అలవాటుపడిన బాలుడు ఆ గోడముందు నిలబడినప్పుడు, తనను వెలివేసే మాట కాక, తనను పిలిచే సంఖ్య అతనికి కనిపించాలి.

రెండు లిపుల చిత్రం

మన కళాశాలకు ప్రత్యేకమైన ఒక సౌకర్యం కలదు. తెలుగు ఎడమనుండి కుడికి నడుస్తుంది. ఉర్దూ కుడినుండి ఎడమకు నడుస్తుంది. బొమ్మను నడుమ ఉంచి ఎడమ అంచున తెలుగును, కుడి అంచున ఉర్దూను మొదలుపెడితే, రెండు భాషల చదువరులూ రెండువైపులనుండి వచ్చి ఒకే బొమ్మవద్ద కలుసుకొంటారు. మా విద్యార్థులు తెలుగున “నిషా వద్దు - నేర్పు ముద్దు” అనీ, ఉర్దూలో “నషా నహీ, హునర్ సహీ” అనీ వ్రాసినారు. హునర్ అన్నా నేర్పు అన్నా ఒకటే. రెండింటిలోనూ ప్రాస కుదిరినది. ఒకదానికి మరొకటి అనువాదంగా తోచదు. ఉర్దూ విద్యార్థులు ఖుష్‌నవీసీ అనే అందమైన వ్రాత కళను, తెలుగు విద్యార్థులు సామెతల సొంపును ఒకరికొకరు నేర్పుకొనటానికి ఇంతకంటె మంచి సందర్భం ఏమున్నది?

పిల్లలు మరల గీసినవి

రెండవసారి వచ్చిన చిత్రాలలో రెండింటిని పేర్కొంటాము. రాక్షసుని గీసిన బాలికయే ఈమారు ఒక ముసలి తాతను, ఆయన ఎదుట వట్టి చేతులు చూపుతూ నిలబడిన మనుమరాలిని గీసినది. బీడీకట్ట తెమ్మని పిల్లలను దుకాణానికి పంపటం మన ఇండ్లలో ఎంత సాధారణమో చెప్పనక్కరలేదు. క్రింద మాటలు: “తాతా, నాకు అమ్మరాదంట!” పద్దెనిమిదేండ్లు నిండనివారికి పొగాకు అమ్మరాదని, విద్యాసంస్థలకు 100 గజాలలోపల అసలే అమ్మరాదని 2003 నాటి చట్టం చెబుతున్నది. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం వైద్యుని ఆజ్ఞ లేకుండా పిల్లలకు మత్తు పానీయాలు, మాదకద్రవ్యాలు, పొగాకు ఇచ్చినవారికి 7 సంవత్సరాల వరకు కఠిన శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నవి. ఇంత చట్టాన్ని ఆ బాలిక నవ్వుతూ మూడు మాటలలో చెప్పినది. ఆ తాత ముఖంలో కూడా ఆమె చిరునవ్వునే గీసినది.

రెండవది ఆ బాలునిది. ఎడమవైపు తాటిచెట్టు, దానిపై తండ్రి. కుడివైపు బడి మెట్లు, వాటిపై సంచి వేసుకొన్న పిల్లవాడు. క్రిందినుండి ఎవరిదో చేయి గ్లాసు అందిస్తున్నది. పిల్లవాడు వెనుకకు తిరిగి అరచేయి అడ్డుపెట్టినాడు. “నాయిన తాళ్లెక్కుతడు - నేను బడిమెట్లెక్కుత” అని వ్రాసినాడు. గోవర్కోవ్ చిత్రాన్ని అతడు ఎన్నడూ చూడలేదు. మేము చూపలేదు కూడా. ఆ చిత్రాన్ని ఉపాధ్యాయులు మంచినీటి కుళాయి ప్రక్క గోడకు అంటించినారు. విరామ సమయంలో పిల్లలందరూ చేరే చోటు అదే.

కళాశాల కమిటీకి, విద్యార్థులకు మనవి

మన విద్యాసంస్థలలో గోడపత్రికల పోటీలు జరుగుతూనే ఉన్నవి. 2020 ఆగస్టు 15న ప్రారంభమైన నషాముక్త్ భారత్ అభియాన్ తరువాత అవి మరింత పెరిగినవి. కాని బహుమతి ప్రదానం ముగిసిన మరునాడు ఆ చిత్రాలు బీరువాలోనికి చేరుతున్నవి. గోడను చూడని గోడపత్రికవల్ల ప్రయోజనం ఏమి? కావున కమిటీవారిని మూడు కోరుతున్నాము. ప్రధాన ద్వారంవద్ద ఒక గోడను ఇందుకై కేటాయించి నెలకొక కొత్త చిత్రాన్ని ఉంచవలెను. న్యాయనిర్ణేతలలో పిల్లలను కూడా చేర్చవలెను. ఏ బొమ్మ తమను ఆపినదో వారికే బాగుగా తెలియును. చిత్రం చూచి సహాయం కోరి వచ్చే విద్యార్థితో రహస్యంగా, శాంతంగా మాట్లాడటానికి ఒక అధ్యాపకుని నియమించవలెను. గోడపత్రిక ఒంటరిగా ఎవరినీ కాపాడలేదు. దాని వెనుక మనిషి ఉండాలి.

విద్యార్థి మిత్రులారా! మీ ఇంటిలో, మీ వాడలో పదమూడేండ్ల తమ్ముడో చెల్లెలో తప్పక ఉంటారు. వారికి ఉపన్యాసం ఇవ్వకండి. ఒక కాగితం, నాలుగు రంగులు ఇచ్చి, “ఎవరైనా నీకు ఇస్తే నీవేమంటావు? గీసి చూపు” అని అడగండి. వారు గీస్తూ చెప్పే మాటలను ఓపికతో వినండి. రాబోయే జూన్ 26 నాటికి అట్టి చిత్రాలను సేకరించి మన గోడమీద ఉంచాలని సంకల్పించినాము. బడులు తెరిచిన పదిహేను రోజులలోపే ఆ దినం వస్తుంది గనుక ముందుగానే సిద్ధపడాలి. కాగితాలు, రంగులు తెలుగు శాఖ గదిలో ఉంటాయి. ఉర్దూ శాఖ విద్యార్థులు కూడా వచ్చి తీసుకొనవచ్చును.